ఓడెక్కిన సాయంత్రం

వేసవి సెలవులంటే ఊటీ, గోవా అనుకునే ఇళ్లలో ఇప్పుడు ‘క్రూయిజ్’ మాట వినిపిస్తోంది. ఓడ మీద తిండి గురించి, గదుల గురించి, స్విమ్మింగ్‌పూల్ గురించి ఎవరినడిగినా చెబుతారు. చీకటి పడ్డాక అక్కడ పిల్లలు ఏం చేస్తారన్నది ఈ వారం ముఖచిత్ర కథనం.

సాయంత్రం ఆరు దాటాక హైదరాబాద్ శివారులోని మా బీరంగూడ కమాన్ దగ్గర రోడ్డు దాటాలంటే ఓపిక కావాలి. పటాన్‌చెరు, పాశమైలారం వైపు నుంచి కంపెనీ బస్సులు జనరల్ షిఫ్టు వాళ్లను దింపిపోతుంటాయి. లింగంపల్లి వైపు నుంచి ఐటీ ఉద్యోగుల కార్లు, క్యాబులు బారులు తీరి వస్తుంటాయి. బీ షిఫ్టుకు పోయినవాళ్లు ఇంకా మిషన్ల దగ్గరే ఉంటారు. రాత్రి పదికి షిఫ్టు దిగి, బస్సెక్కి, ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రలో ఉంటారు. అమెరికా క్లయింట్లతో పనిచేసే అమ్మలూ నాన్నలూ ఇంటికొచ్చినా గది తలుపేసుకోవాల్సిందే, వాళ్ల మీటింగులు మొదలయ్యేది అప్పుడే.

మరి పిల్లలు? ట్యూషన్ నుంచి వస్తారు. పాలు తాగుతారు. సెల్లార్‌లో కార్ల మధ్య కాసేపు సైకిల్ తొక్కితే వాచ్‌మన్ కేకలేస్తాడు. పైకొచ్చి ఇంట్లో ఏ ఫోను ఖాళీగా ఉంటే ఆ ఫోను పట్టుకుంటారు. ఎనిమిదిన్నరకు అన్నం, తొమ్మిదిన్నరకు పడక. రోజు మొత్తంలో పిల్లలకు సొంతమైన గంటలు ఈ మూడే. ఆ మూడు గంటలకు పూచీపడే మనిషి ఎవరూ లేరు.

ఇవే పిల్లలు నాలుగు రోజులు ఓడెక్కితే లెక్క మారిపోతుంది. సరిగ్గా ఆ గంటలకే అక్కడ వాళ్లకోసం ఒక గది తెరుచుకుంటుంది. ఇవాళ ఏడింటికి ఏముంది, ఎనిమిదింటికి ఏముంది అని రాసిన కాగితం ఉంటుంది. అన్నిటికీ మించి, పిల్లల సాయంత్రమే తన డ్యూటీగా ఉన్న మనిషి ఒకరుంటారు. ఓడల మీది పిల్లల కార్యక్రమాల గురించి చదివిన కొద్దీ, వెళ్లొచ్చినవాళ్లతో మాట్లాడిన కొద్దీ నాకు మిగతావన్నీ వెనక్కి వెళ్లి ఈ ఒక్క సంగతే ముందు నిలబడింది.

సముద్రం లేని ఊరి నుంచి

బీరంగూడ నుంచి ఏ సముద్రమైనా దూరమే. అయినా దారులు కష్టమైనవి కావు. ఇంటిముందు నుంచి పోయే ముంబై హైవే పట్టుకుంటే ఆ తీరం, లింగంపల్లిలో జన్మభూమి ఎక్కితే విశాఖ తీరం. మన దేశంలో కుటుంబాల కోసం నడుస్తున్న క్రూయిజ్‌లలో ఎక్కువమందికి తెలిసింది కార్డీలియా కంపెనీ ‘ఎంప్రెస్’. 2021 సెప్టెంబరులో ముంబై నుంచి మొదలైంది. 2022 జూన్‌లో చెన్నై, విశాఖ తీరాలకూ వచ్చింది. ఓడ కొత్తదేం కాదు. 1990లో ఫ్రాన్స్‌లోని సాన్ నజైర్‌లో కట్టారు. ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో మొదలై, చేతులూ పేర్లూ మారి, రాయల్ కరీబియన్ నుంచి మన దగ్గరకు చేరింది. 11 అంతస్తులు, 211 మీటర్ల పొడవు, 1,600 మందికి పైగా ప్రయాణికులు. ఇవాళ్టి అమెరికన్ ఓడల పక్కన చిన్నదే కానీ, మొదటిసారి చూసే పిల్లాడు మెడ నిక్కించి చూడాల్సిందే.

విశాఖ పోర్టులో దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. ఓడలు ఏడాది పొడవునా అక్కడి నుంచి తిరగవు. సీజన్ చూసి, తేదీలు చూసి వెళ్లాలి. సింగపూర్ టూరుకు వెళ్లే మనవాళ్లు అక్కడి నుంచి రెండు మూడు రాత్రుల ఓడను ప్యాకేజీలో కలుపుకోవడం కూడా మామూలైపోయింది.

ఇక అమెరికాలో పిల్లలున్న బీహెచ్‌ఈఎల్ రిటైర్డ్ కుటుంబాలది ఇంకో దారి. డాలస్, హ్యూస్టన్‌లలో కొడుకు దగ్గరకో కూతురి దగ్గరకో ఆరు నెలలు ఉండటానికి వెళ్తారు. స్ప్రింగ్ బ్రేక్ రాగానే అందరూ కలిసి గాల్వెస్టన్ రేవుకు చేరి, మెక్సికోలోని కోజుమెల్ దాకా వెళ్లొచ్చే ఓడెక్కుతారు. రామచంద్రాపురం టౌన్‌షిప్‌లో ముప్పై ఏళ్లు షిఫ్టులు చేసిన తాత, జీవితంలో మొదటిసారి సముద్రం మధ్యలో పొద్దుగుంకడం చూసేది మనవడి చెయ్యి పట్టుకునే.

తలుపు దగ్గరి బల్ల

పిల్లల క్లబ్బులో రంగుల గోడలు, బొమ్మలు, గేములు ఉండటం పెద్ద విశేషం కాదు. మన మాల్స్‌లోనూ ఉన్నాయి. చూడాల్సింది తలుపు దగ్గరి బల్లను.

ఆ బల్ల దగ్గర మొదట ఫారం నింపాలి. పిల్ల పేరు, వయసు, ఏ పదార్థం పడదు, మందులేమైనా వాడుతోందా, చీకటంటే భయమా, తీసుకెళ్లడానికి ఎవరెవరు వస్తారు. పెద్ద ఓడల మీద పిల్లల మణికట్టుకు బ్యాండ్ కడతారు. దించిన టైమూ తీసుకెళ్లిన టైమూ నమోదవుతాయి. జాబితాలో పేరు లేకపోతే సొంత బాబాయి వచ్చినా పంపరు. ఆ కట్టడి చూసి మొదటి రోజు విసుక్కునేవాళ్లుంటారు. కానీ వేలమంది కొత్త మనుషుల మధ్య పిల్లను వదులుతున్నప్పుడు ఆ కట్టడే మనకు కావాల్సిన భరోసా.

తర్వాత వయసును బట్టి విడదీస్తారు. రాయల్ కరీబియన్ ఓడల్లో మూడు నుంచి ఐదేళ్ల వాళ్లది ఒక జట్టు, ఆరు దాటినవాళ్లకు వేరే జట్లు. పై వయసు వాళ్లకు వేరే అడ్డా. డిస్నీ, రాయల్ కరీబియన్‌లలో మూడేళ్లు నిండి, డైపర్ మానేసిన పిల్లల్నే క్లబ్బులో చేర్చుకుంటారు. కార్నివాల్ రెండేళ్ల నుంచే తీసుకుంటుంది. ఇది ముందే తెలుసుకోకపోతే, టికెట్లు కొని అక్కడిదాకా వెళ్లాక చిన్నదాన్ని చంకనేసుకుని అమ్మ గదిలోనే కూర్చోవాల్సి వస్తుంది.

చీకటి పడేసరికి ఆటల తీరు మారుతుంది. పగలంతా పూల్‌లో తడిసి, గోడలెక్కి అలసిన పిల్లలకు రాత్రికి చేతిపనులు, కథలు, నాటకాలు. అట్టముక్కతో మాస్కు కత్తిరించడం, ఓడ మ్యాపు పట్టుకుని దాచిన వస్తువులు వెతకడం, చివరి రాత్రి ప్రదర్శనకు డాన్సు ప్రాక్టీసు, నైట్ డ్రెస్సుల్లో సినిమా. డిస్నీ ఓడల మీద ఒక రాత్రి అందరూ సముద్రపు దొంగల వేషాలు కడతారు. తలకు ఎర్రగుడ్డ చుట్టుకున్న తాతలూ అందులో ఉంటారు.

మా వీధిలో ఒక కుటుంబం ముంబై నుంచి ఓడెక్కి వచ్చింది. అమ్మాయికి ఎనిమిదేళ్లు. మొదటి సాయంత్రం క్లబ్బు గుమ్మం దాటనని అమ్మ చున్నీ పట్టుకుని వేలాడింది. లోపల మరాఠీ పిల్లలు, గుజరాతీ పిల్లలు, ఇద్దరు తమిళ పిల్లలు. క్లబ్బు చూసుకునే అమ్మాయి బతిమాలలేదు, లోపలికి లాగలేదు. నేల మీద కూర్చుని, ‘మీ ఊళ్లో ఏ పండగకు డాన్సు చేస్తారు, నాకు నేర్పుతావా’ అని హిందీలో అడిగింది. బీహెచ్‌ఈఎల్ దగ్గర పెరిగిన పిల్లలకు హిందీ కొత్త కాదు కదా. పది నిమిషాల తర్వాత తల్లి తొంగిచూస్తే, రంగు కాగితాల బుట్ట మధ్యలో పెట్టి పిల్లలంతా గుండ్రంగా తిరుగుతూ బతుకమ్మ చప్పట్లు కొడుతున్నారు. ఒంగడం ఎప్పుడో, చప్పట్లు ఎప్పుడో ఈ పిల్లే చెబుతోంది. ఆఖరి రాత్రి దాన్నే వేదిక మీద వేయించారట. సంగారెడ్డి జిల్లా బతుకమ్మ అరేబియా సముద్రం మీద ఆడింది.

ఆ క్లబ్బు అమ్మాయి చేసిన పని చిన్నది కాదు. పిల్ల దగ్గర ఏముందో కనిపెట్టి, దాన్నే ఆటగా మార్చింది. అందుకు ఖరీదైన బొమ్మ అక్కర్లేదు. ఖాళీ సమయం, పిల్లల మీద మనసు, కాస్త శిక్షణ ఉంటే చాలు.

సాయంత్రమే ఎందుకు?

వ్యాపారం సంగతి కూడా సూటిగా చెప్పుకోవాలి. ఓడ కంపెనీకి ఆదాయం టికెట్ల మీదే రాదు. బార్లు, కాసినో, ప్రత్యేక రెస్టారెంట్లు, దుకాణాలు నడిచేది సాయంత్రాలే. పిల్లాడు కొంగు పట్టుకుని ఉంటే పెద్దలు వాటివైపు వెళ్లరు. అందుకే పిల్లల సాయంత్రం మీద కంపెనీలు అంత ఖర్చు పెడతాయి. 1998లో డిస్నీ తన మొదటి ఓడ ‘డిస్నీ మ్యాజిక్’ను దించినప్పుడు దాదాపు ఒక అంతస్తంతా పిల్లలకే ఇచ్చింది. దాంతో మిగతా కంపెనీలూ ఆ దారి పట్టక తప్పలేదు. ఇప్పుడు చాలా ఓడల్లో రాత్రి పదింటిదాకా క్లబ్బు ఉచితం. అది దాటితే గంటకింత అని వసూలు చేస్తారు. కార్నివాల్‌లో ఆ అర్ధరాత్రి బడికి ‘నైట్ ఔల్స్’ అని పేరు. డిస్నీలో అర్ధరాత్రి దాకా ఉచితమే, కానీ ఆ ఖర్చు టికెట్లోనే కలిసి ఉంటుంది.

దీన్ని నేను తప్పుపట్టను. ఏడాదంతా పిల్లల చుట్టూ తిరిగిన అమ్మానాన్నలు ఒక సాయంత్రం ఎదురెదురుగా కూర్చుని, ఎవరి నోట్లోనూ ముద్ద పెట్టకుండా తాము వేడిగా భోంచేయడం నేరమేం కాదు. వద్దనేది ఎక్కువగా నానమ్మలే. పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి మనం షో చూడటమేంటని వాళ్ల బాధ. అది పాతకాలపు చాదస్తమని కొట్టేయకూడదు. వాళ్ల కాలంలో సాయంత్రం పిల్లల్ని ఎవరికో అప్పజెప్పాల్సిన పని లేదు, వాకిట్లోనే నలుగురి కళ్ల ముందు ఉండేవాళ్లు. వెళ్లొచ్చిన కుటుంబాల్లో బాగా సర్దుకున్నవాళ్లు చేసింది ఒకటే. ఒక రాత్రి పిల్లలు క్లబ్బుకు, ఇంకో రాత్రి అందరూ కలిసి థియేటర్‌కు. చివరి రాత్రి పిల్లల ప్రదర్శనకు మాత్రం నానమ్మతో సహా ముందు వరుసలో. పిల్లల్ని నాలుగు రాత్రులూ క్లబ్బులోనే వదిలేసినవాళ్లు, ఇంటికొచ్చాక పిల్లలు చెప్పే కబుర్లలో తాము ఎక్కడా లేమని గ్రహిస్తారు.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మూడు మాటలు. పిల్లలకు టికెట్ ఉచితమన్న ఆఫర్ ఉన్నా పోర్టు ఛార్జీలు, టిప్పులు, జీఎస్టీ విడిగా పడతాయి, మొత్తం ఎంతో అడిగాకే డబ్బు కట్టండి. జూన్, జూలైల్లో బంగాళాఖాతం ఊపుతుంది. వాంతుల మందు ఏ వయసుకు ఎంత అన్నది మీ పిల్లల డాక్టర్‌ను అడిగి వెంట పెట్టుకోండి. ఎక్కగానే జరిపే భద్రతా డ్రిల్‌కు పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి, వాళ్ల సైజు లైఫ్‌జాకెట్ ఎక్కడుందో వాళ్ల వేలితోనే చూపించమనండి. తీరం దాటాక ఫోన్ సిగ్నల్ పోతుంది. వైఫై కొనకండి. పిల్లల సాయంత్రాలు సగం బాగుపడేది అందువల్లే.

మన పడవలు, మన అన్నయ్య

ఓడ మీద సాయంత్రాలు మనకు పూర్తిగా కొత్తవి కావు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు (ఇప్పటి శ్రీవిజయపురం) రెండు రోజులకు పైగా సాగే ప్రయాణికుల ఓడలో పిల్లల క్లబ్బులేవీ ఉండవు. డెక్ మీద పేకాట, అంత్యాక్షరి, ఎవరి డబ్బాలోదో పులిహోర, అంతే. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం వెళ్లే లాంచీలో నల్లమల కొండల్ని చూస్తూ పిల్లలు తామే ఆటలు కల్పించుకుంటారు. పాపికొండల పడవ మీద మైకు పట్టుకున్న కుర్రాడు ఉంటాడు. కథ చెబుతాడు, పిల్లల్ని పైకి పిలుస్తాడు, చిందేయిస్తాడు, తానూ వేస్తాడు. ఆ దారిలోని కొల్లూరు ఇసుకలో వెదురు గుడిసెల దగ్గర రాత్రి మంట చుట్టూ ఆటపాటలు చూసిన పిల్లలు దాన్ని ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. ఆ కుర్రాళ్లకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, సర్టిఫికెట్లూ లేవు. పిల్లల్ని నవ్వించే విద్య మాత్రం వాళ్లకు పుట్టుకతో వచ్చింది.

లేనిదల్లా తలుపు దగ్గరి ఆ బల్ల. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర ‘రాయల్ వశిష్ట’ పర్యాటక పడవ మునిగిపోయినప్పుడు ఎన్ని తెలుగు ఇళ్లు చీకటయ్యాయో మర్చిపోలేం. ఆ తర్వాతే పడవల మీద నిఘా, కంట్రోల్ రూములు వచ్చాయి. ఎక్కిన ప్రతి పిల్ల పేరూ రాసుకోవడం, లైఫ్‌జాకెట్ బిగించాకే పాట మొదలుపెట్టడం ఆనందానికి అడ్డం కాదని మన నదుల మీద ప్రతి పడవవాడికీ తెలియాలి.

పిల్లల సాయంత్రాన్ని ఉద్యోగంలా కాదు, జీవితంలా తీసుకున్నవాళ్లు తెలుగునాట ఉన్నారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. తెలుగు పిల్లలందరికీ రేడియో అన్నయ్య, అక్కయ్య. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. మద్రాసు రేడియోలో మొదలైన ఆ పని తర్వాత హైదరాబాద్ చేరింది. వాళ్ల కార్యక్రమాల్లో పిల్లలు వినేవాళ్లుగా మిగిలిపోలేదు. పాడింది, నాటకం వేసింది, మైకు ముందు తడబడి మళ్లీ అందుకుంది పిల్లలే. ఆ తడబాటును అన్నయ్య దాచేవాడు కాదు, ఆటలో కలిపేసేవాడు. ఇవాళ ఖరీదైన ఓడల మీద శిక్షణ ఇచ్చి మరీ నేర్పే పద్ధతి, ఆ దంపతులు ఒక స్టూడియో గదిలో ఎప్పుడో చేసి చూపించారు.

ఇంకొకటి మనలాంటి కార్మికుల ఊరిదే. బొగ్గుగనుల కొత్తగూడెంలో డాక్టర్ వాసిరెడ్డి రమేష్‌బాబు, కొత్తగూడెం క్లబ్ కలిసి 1990ల మొదట్లో బాలోత్సవ్ మొదలుపెట్టారు. ఊళ్లో పెద్దల వినోదానికి ఉన్న క్లబ్బు కొన్ని రోజులు పిల్లల చేతికొచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ రెండు రాష్ట్రాల నుంచీ వేలమంది పిల్లలు అక్కడికి వచ్చి ఆడారు, పాడారు, బొమ్మలు గీశారు. సింగరేణిలోనూ షిఫ్టులే. అమ్మానాన్నలకు తీరిక దొరకడం అక్కడా కష్టమే. అయినా జరిగింది, ఎందుకంటే ఆ పని తనదనుకున్న మనిషి ఒకరున్నారు.

తాళం వేసిన క్లబ్‌హౌస్

ఓడ మీద బతుకమ్మ ఆడించిన పిల్ల బీరంగూడకు తిరిగొచ్చాక వారం రోజులు ఒకే ప్రశ్న అడిగిందట: “అమ్మా, ఇవాళ సాయంత్రం ప్రోగ్రామ్ ఏంటి?” తల్లి దగ్గర జవాబు లేదు. ఆమె ఆ మాట చెబుతున్నప్పుడు మేము నిలబడింది వాళ్ల అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ ముందే. దానికి తాళం వేసుంది. లోపల టేబుల్ టెన్నిస్ బల్ల మీద పండగకు మిగిలిన డెకరేషన్ సామాను. మెయింటెనెన్స్‌లో దాని కరెంటుకూ డబ్బు కడుతున్నారు. తెరిచేది పుట్టినరోజు పార్టీలకు, అసోసియేషన్ మీటింగులకు.

అమీన్‌పూర్, బీరంగూడ, కిష్టారెడ్డిపేట వైపు కొత్తగా లేచిన గేటెడ్ కమ్యూనిటీలన్నింటి బ్రోచర్లలో ‘కిడ్స్ ప్లే ఏరియా’ ఉంది. జారుడుబల్ల, ఊయల, రబ్బరు నేల. మనిషి మాత్రం లేడు. పాత ఇళ్ల వైపు, కూలీల గదుల వైపు ఆ జారుడుబల్ల కూడా లేదు. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కార్మికుల పిల్లలు కంపెనీ గోడ పక్కనే ఆడుకుంటుంటారు. క్రూయిజ్ టికెట్ కొనలేని ఇళ్లే ఇక్కడ ఎక్కువ. పిల్లల సాయంత్రం గురించి మాట్లాడితే వాళ్లనూ కలుపుకునే మాట్లాడాలి.

చేయడానికి ఏం కావాలో ఓడే చూపించింది. ఇరవై మంది పిల్లలకు ఒకరు చొప్పున పిల్లలంటే ఇష్టమున్న డిగ్రీ అమ్మాయో అబ్బాయో. వారానికి మూడు సాయంత్రాలు, ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర. తలుపు దగ్గర బల్ల, రిజిస్టరు, తీసుకెళ్లేవాళ్ల జాబితా. వయసును బట్టి జట్లు. నెలాఖరున ఒక రాత్రి పిల్లల ప్రదర్శన, అదీ బీ షిఫ్టు వాళ్లకు సెలవు దొరికే ఆదివారం నాడు. టౌన్‌షిప్ నుంచి రిటైరై ఇక్కడ స్థిరపడిన బీహెచ్‌ఈఎల్ పెద్దల్లో నాటకాలు వేసినవాళ్లున్నారు, హార్మోనియం వాయించేవాళ్లున్నారు, మిషన్ విప్పి బిగించి చూపించగలవాళ్లున్నారు. వాళ్ల దగ్గర ఎన్ని కథలున్నాయో అడిగినవాళ్లు లేరు. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు పక్కనే ఉంది. చలికాలం పక్షులొచ్చినప్పుడు సాయంత్రం జట్టును గట్టు మీద నడిపిస్తే అంతకన్నా ప్రోగ్రామ్ ఏం కావాలి? బీరంగూడ గుట్ట మీద మల్లికార్జునస్వామి గుడి మెట్లెక్కి, కింద వెలిగే ఊరిని చూపిస్తూ ఏ దీపం ఏ ఫ్యాక్టరీదో, అందులో ఏం తయారవుతుందో చెప్పొచ్చు. నాన్న ఈ టైముకు ఏ దీపం కింద ఉన్నాడో పిల్లకు తెలుస్తుంది.

ఖర్చు ఎంతంటారా? వంద ఫ్లాట్ల అపార్ట్‌మెంట్లో ఇంటికి నెలకు రెండు వందలు వేసుకుంటే ఇరవై వేలు. సాయంత్రం చదువుకుంటూ పనిచేసే ఇద్దరికి చెరో తొమ్మిది వేలు ఇవ్వొచ్చు, మిగిలిన రెండు వేలతో కాగితం, రంగులు, బంతులు వస్తాయి. పక్క బస్తీ పిల్లల్ని గేటు దగ్గర ఆపకుండా అదే రిజిస్టరులో రాసుకుంటే ఖర్చేమీ పెద్దగా పెరగదు. వచ్చే నెల అసోసియేషన్ మీటింగ్ ఎజెండాలో లిఫ్టు రిపేరు, బోరు నీళ్లు, పార్కింగ్ గొడవ ఎలాగూ ఉంటాయి. వాటికన్నా ముందు క్లబ్‌హౌస్ తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి.